మగపెళ్లివారి విడిది

నేను తెలుగు మేష్టార్ని. ఈ ముక్క ముందే చెప్పేస్తే, తర్వాత జరిగిన భాగోతానికి సగం కారణం మీకు ఇక్కడే దొరికిపోతుంది. శ్రీకాకుళంలో ఓ హైస్కూల్లో పిల్లలకు పగలంతా సంధులూ సమాసాలూ నూరిపోసి, సాయంత్రం అదే ఊపులో కూరగాయలమ్మే మనిషితో కూడా సమాసాల్లో బేరమాడే రకాన్ని. "బీరకాయలు అడగడానికి కూడా అంత సంస్కృతం ఎందుకండీ, ఆ మనిషి అడిలిపోతంది" అంటుంది మా ఆవిడ. ఆవిడది గజపతినగరం. మనసులో ఏదైనా ఉంచుకోవడం అక్కడివాళ్లకు చేతకాదు.

డాక్టరు షుగరు పేరు చెప్పి భయపెట్టాక పొద్దున్నే నాగావళి గట్టు మీద నడవడం మొదలుపెట్టాను. నాలాంటివాళ్లే మరికొందరు కలిశారు. రిటైరైన ఇంజినీరు ఒకాయన మాకు అధ్యక్షుడు. ఓ డాక్టరు, ఓ వ్యాపారి, ఇంకా ఊరికే వచ్చేవాళ్లు కొందరు. నడక తక్కువ, మాటలు ఎక్కువ. నడిచి తగ్గించుకున్నదంతా వెనక్కి వచ్చేటప్పుడు ఇడ్లీ బండి దగ్గర తిరిగి తెచ్చుకునేవాళ్లం.

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడు మాకు హఠాత్తుగా సేవ మీద మనసు పడింది. మనసు పడటానికి కారణం చెప్పాలంటే సిగ్గుగానే ఉంది. విజయనగరంలో మాలాగే నడిచేవాళ్లు పేదలకు దుప్పట్లు పంచి, ఆ ఫోటోలు వాట్సాప్‌లో పెట్టారు. దుప్పటి కంటే ఇచ్చేవాళ్లే ఎక్కువమంది కనిపించే ఫోటోలు. "మనం వాళ్లకంటే తక్కువ నడుస్తున్నామా?" అని అధ్యక్షుడు గట్టు మీదే ఆగిపోయి అడిగాడు. నడక విషయంలో అది నిజమే, చాలా తక్కువ నడుస్తున్నాం. కానీ ఆ మాట ఎవరూ అనలేదు.

మా వ్యాపారి మిత్రుడికి ఊళ్లో ఓ పాత కల్యాణ మండపం ఉంది. హైవే మీద ఏసీ ఫంక్షన్ హాళ్లు వచ్చాక దాని మొహం చూసేవాళ్లు లేరు. పావురాలు తప్ప అందులో ఎవరూ కాపురం పెట్టడం లేదు. నా పెళ్లి కూడా ఆ మండపంలోనే జరిగింది. "దాన్ని ఇచ్చేస్తాను, బస్సు కాంప్లెక్సు దగ్గర రోడ్డు మీద పడుకునేవాళ్లకి వసతి పెడదాం" అన్నాడాయన. మంచి మాట. అందరం చప్పట్లు కొట్టాం. బోర్డు మీద పేరు పెట్టే బాధ్యత మాత్రం నాకు అప్పజెప్పారు. అక్కడే కొంప మునిగింది.

ఆ పేరు కోసం నేను పడ్డ పాట్లు మా ఆవిడ పురిటినొప్పులకు కూడా పడి ఉండదు. ఈ మాట ఆవిడ ముందు అనకండి. రాసి, కొట్టేసి, మళ్లీ రాసి, చివరికి తేల్చాను: "నిరాశ్రయ అనాథ జన సేవా సదనము". పైకి చదువుకుంటే నాకే ఒళ్లు పులకరించింది. బోర్డు రాసే పెయింటరు మాత్రం బుర్ర గోక్కున్నాడు. "మేస్టారూ, కాస్త సిన్నది సెప్పకూడదా? రేకు సాలదు" అన్నాడు. రేకు పెద్దది చేయించాను గానీ పేరు చిన్నది చెయ్యలేదు. ఎర్ర అక్షరాలు, పసుపు అంచు. కాంప్లెక్సు నుంచి దిగిన మనిషికి ఊరి పేరు కంటే ముందు నా సమాసమే కనిపించేంత బోర్డు.

ప్రారంభోత్సవం బ్రహ్మాండంగా జరిగింది. రిబ్బను కత్తిరించాం, ఉపన్యాసాలు ఇచ్చుకున్నాం, ఫోటోలు విజయనగరం దాకా పంపించాం. చాపలు, దుప్పట్లు, వంటమనిషి, మజ్జిగ అన్నీ సిద్ధం. ఒక్కటే లోటు, మనుషులు రాలేదు. మర్నాడూ రాలేదు. వారమంతా మేమే గేటు దగ్గర కుర్చీలు వేసుకుని, గిరాకీ లేని హోటలు వాళ్లలా వచ్చేపోయేవాళ్ల మొహాలు చూస్తూ కూర్చున్నాం. వండిన అన్నం మేమే తిన్నాం. నా షుగరు పెరిగింది.

"వీళ్లకి మంచీ చెడూ తెలీదు" అని అధ్యక్షుడు తేల్చేశాడు. నేను తెలుసుకుంటానని బయల్దేరాను. ఎంతైనా వాళ్లకు అర్థమయ్యేలా చెప్పగలిగేది మేష్టారే కదా అని నా ధీమా.

కాంప్లెక్సు ఎదురుగా మూతపడ్డ దుకాణాల మెట్ల మీద వాళ్లు ఉండేవాళ్లు. ముందుగా ఓ రిక్షా ఆయన దొరికాడు. ఆటోలొచ్చి రిక్షా ఎక్కేవాళ్లు లేక, దాన్నే మంచం చేసుకున్న మనిషి. "ఎందుకు రావడం లేదయ్యా?" అని అడిగితే, చివరి మెట్టు మీద కూర్చున్న ముసలావిడని చూపించాడు. "ఆయమ్మనడగండి బాబూ. ఆయమ్మొస్తే మేవందరం వస్తాం."

ఆవిడ ముందు బోర్లించిన గంప ఉంది. కళింగపట్నం అవతల ఓ పేట ఆవిడది. ఒకప్పుడు ఎండు చేపల గంపతో శ్రీకాకుళం వీధులన్నీ తిరిగిన మనిషి. ముందటేడు వచ్చిన పెద్ద తుఫానులో వాళ్ల తాటాకిల్లు ఉన్న చోటు కూడా మిగలకుండా సముద్రం తినేసింది. భర్త ఎప్పుడో పోయాడు. ఒక్కడే కొడుకు, పెళ్లి కాలేదు, గుజరాత్ బోట్ల మీద చేపల వేటకు వెళ్లాడు. చుట్టాల వసారాలో కొన్నాళ్లు ఉండి, మాటా మాటా పెరిగి, ఈవిడ ఇలా వచ్చేసింది. కొడుకు ఆమదాలవలసలో రైలు దిగితే పేటకు పోవడానికి కాంప్లెక్సుకే రావాలి, అందుకని ఇక్కడే కూర్చుంది. ఇదంతా దగ్గుతూ, మధ్యలో ఆగుతూ చెప్పింది.

"మరి మా సదనానికి రావచ్చు కదమ్మా" అన్నాను.

"ఆ బోర్డు మీద ఏటి రాసినారో సదివించుకున్నాను బాబూ. అనాదలకంట గదా. నాను అనాదనేటి?"

ఇక్కడ తెలివైనవాడెవడైనా నోరు మూసుకుంటాడు. నేను మూసుకోలేదు. బస్సుల హారన్ల మధ్య మెట్టు మీద నిలబడి వ్యుత్పత్తి చెప్పాను. "అలా కాదమ్మా. నాథుడు అంటే రక్షించేవాడు. అనాథ అంటే రక్షించేవాడు దగ్గర లేనివారు అని. అది చాలా గౌరవమైన మాట" అని ఉదాహరణలతో సహా వివరించాను. రిక్షా ఆయన నోరు వెళ్లబెట్టి విన్నాడు. ముసలావిడ ఓపిగ్గా అంతా విని ఒకే మాట అడిగింది.

"నాను అనాదనైతే నా కొడుకు ఏటైనట్టు బాబూ?"

నాకు తోచిన జవాబు పైకి అనదగ్గది కాదు.

"ఆడు సముద్రం మీదున్నాడు. తల్లి నోటంట అలాటి మాట రాకూడదు. నాను ఆ బోర్డు కింద నుండి లోనికెల్తే, నాకెవులూ నేరని ఒప్పుకున్నట్టే గదా. ఆడికేటైనా అయితే ఎవులు సూస్తారు? నాన్రాను."

ఇంటికొచ్చి మా ఆవిడతో మండిపడ్డాను. ఇంత మొండి మనిషిని చూడలేదన్నాను. ఆవిడ వంకాయలు తరుగుతూ తలెత్తకుండానే అంది: "మీరు బడికెళ్లిన టైములో మీ అమ్మగారిని ఎవరైనా అనాథా అని పిలిస్తే ఊరుకుంటారేటండీ?" కోపంతో అన్నం మానేద్దామనుకున్నాను. గుత్తివంకాయ కూర కావడం వల్ల మానలేదు. అయినా బోర్డు మార్చడానికి మాత్రం నా మనసు ఒప్పలేదు. అంత మంచి సమాసం మళ్లీ కుదురుతుందా!

అంతలో కార్తీక మాసం వాయుగుండం పట్టింది. ఈ జిల్లాలో ఆ మాట వినగానే అందరూ ముందు ఇంటి కప్పు వైపు చూస్తారు. బడులకు సెలవిచ్చారు. మా డాక్టరు మిత్రుడు కాంప్లెక్సు వైపు వెళ్లి వచ్చి నాకు ఫోన్ చేశాడు. "మేష్టారూ, ఆ ముసలావిడకి జ్వరం, దగ్గు బాగా ముదిరాయి. మాత్రలిచ్చాను. ఆసుపత్రికి రమ్మంటే, కొడుకొస్తే కనపడనని కదలడం లేదు. ఆవిడకి కావలసింది పైన కప్పు. ఇంకో రెండు రోజులు ఇలాగే తడిస్తే నా మాత్రలు పనిచెయ్యవు" అన్నాడు. నాలుగడుగుల దూరంలో ఖాళీ మండపం, మెట్టు మీద తడుస్తున్న మనిషి, మధ్యలో అడ్డంగా నా అక్షరాలు.

గొడుగు వేసుకుని పరిగెత్తాను. గొడుగు మొదటి గాలికే తిరగబడింది. ఆవిడ మెట్టు మీద గోనెసంచి కప్పుకుని ముడుచుకుని కూర్చుంది. చెయ్యి పట్టుకుంటే కాలిపోతోంది. బతిమాలాను, గద్దించాను, చివరికి దండం కూడా పెట్టాను. "నీ మంచితనం తెలస్తంది బాబూ, ఆ బోర్డు కింద నుండి మాత్రం రాను" అంటుందే తప్ప కదలదు. అప్పుడు నా బుర్రలో ఒక్క మంచి ఆలోచన మెరిసింది. ఆ ఏడాదికి అదొక్కటే.

"అమ్మా, వంటశాల పక్కన పెరటి గేటుంది. దాని మీద ఏ బోర్డూ లేదు. అటునుంచి వద్దాం. వాన తగ్గేదాకా ఉండి వెళ్లిపోదువు గాని."

గంప దగ్గరకు లాక్కుంది. "కాంప్లెక్సు ఆటోవోళ్లకి సెప్పాల మరి, నా కొడుకొస్తే సెప్పమని" అంది. అక్కడున్న ఆటోవాళ్లందరికీ చెప్పాను. ఒక ఆటోలో ఆవిడనీ గంపనీ ఎక్కించాను.

పెరటి గేటు దాటి, వంటశాల దాటి, వరండాలో మొదటి గది దాకా నడిపించాను. గుమ్మం ముందు ఆవిడ ఠక్కున ఆగిపోయింది. తలుపు పైన గోడ మీద ఏవో పాత అక్షరాలు. బోర్డు మార్చామే గానీ లోపలి గోడల జోలికి మేం పోలేదు.

"ఇక్కడ కూడా రాసేసినారా? ఏటి రాసున్నాది? అదేనా?" అని అనుమానంగా అడిగింది.

అప్పుడు చూశాను. నీలం రంగు వెలిసిపోయి, ఒత్తులు రాలిపోయి ఉన్నా చదవడానికి వస్తోంది. పాఠం చదివినట్టే పైకి చదివేశాను.

"మగపెళ్లివారి విడిది."

"ఏటీ? మళ్లీ సదువు."

మళ్లీ చదివాను. ఆ జ్వరంలో ఆవిడ మొహం విప్పారింది. నవ్వొచ్చి, ఆ నవ్వులోంచి దగ్గొచ్చి, గోడ పట్టుకుని నిలబడింది. "ఓలమ్మో! మగపెళ్లోరి ఇడిదా! ముందే సెప్పకూడదేటి బాబూ! నాను కొడుకుని కన్నదాన్ని. నా గుంటడికి ఇంకా పెళ్లి గాలేదు. నానిక్కడ దిగితే తప్పేటుంది?"

హమ్మయ్య అనుకుని లోపలికి రమ్మన్నాను. రాలేదు. గుమ్మంలోనే నిలబడి నన్ను ఎగాదిగా చూసింది.

"మగపెళ్లోరొస్తే కాళ్లకి నీళ్లియ్యరేటి? ఆడపెళ్లోరు ఎవులిక్కడ?"

నేను అటూ ఇటూ చూశాను. వరండాలో ఇంకెవరూ లేరు. పావురాలున్నాయి. వంటశాలలోకి పరిగెత్తి చెంబుతో నీళ్లు తెచ్చాను.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. నాకు ఇద్దరూ మగపిల్లలే. కాబట్టి జీవితంలో ఎన్నడూ ఒకరి గుమ్మం ముందు చేతులు కట్టుకుని నిలబడే అవసరం రాదని లోలోపల గొప్పగా ఉండేది. పైగా మా పెళ్లిలో ఈ గదిలోనే మా పెదనాన్న కాఫీ చల్లారిందని మూడుసార్లు వెనక్కి పంపించి, మా మామగారిని పరుగులు పెట్టించాడు. మా ఆవిడ ఆ కథ నాకు ఇప్పటికీ వారం వారం వినిపిస్తుంది. ముసలావిడ దిగిన ఆ వానరోజున, నేను ఫోన్ చేస్తే మా ఆవిడే వేడి వేడి మిరియాల చారు పట్టుకొచ్చింది. తడిసిన పంచె ఎగ్గట్టి, చెంబు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ నన్ను చూసి, గిన్నె కింద పెట్టి మరీ నవ్వింది. "మా నాన్న ఉంటే సూసి ఎంత సంతోషపడేవోడో!" అంది.

"ముసలమ్మ మగపెళ్లోరి ఇడిదిలో దిగింది" అన్న వార్త కాంప్లెక్సు అంతా పాకిపోయింది. ఆ సాయంత్రమే రిక్షా ఆయన వచ్చాడు. వెనకే మిగతావాళ్లు వచ్చారు. అందరూ పెరటి గేటు నుంచే. ముందు గేటు మీద నా సమాసం ఒంటరిగా తడుస్తూ నిలబడింది.

అక్కడి నుంచి నా కష్టాలు మొదలయ్యాయి. సదనంలో అయితే పెట్టింది తిని పడుకునేవాళ్లు. విడిదిలో అలా ఎందుకు ఊరుకుంటారు? సాంబారులో ఉప్పు లేదన్నారు. మజ్జిగ పలచబడిందన్నారు. జుట్టు దువ్వుకోవడానికి అద్దం ఏదన్నారు. మూట పెట్టుకోవడానికి తాళం పడే పెట్టె కావాలన్నారు. రోడ్డు మీద తలకింద మూట పెట్టుకుని పడుకునేది మెత్తదనం కోసం కాదని, ఎవరూ పట్టుకుపోకుండా ఉండడానికని నాకు అప్పుడే తెలిసింది. రిక్షా ఆయన తన రిక్షాను గేటు లోపల పెడితేనే ఉంటానన్నాడు. పెట్టించాం. దుప్పట్లు ఇచ్చేముందు ఈ మనుషుల్ని ఏం కావాలని ఒక్కరమూ అడగలేదన్న సంగతి గుర్తొచ్చి నాకు తల కొట్టేసినట్టయింది.

మా అధ్యక్షుడు నియమాలు చెప్పడానికి వచ్చాడు. పొద్దున్నే అందరూ గదులు ఖాళీ చెయ్యాలనీ, మళ్లీ చీకటి పడ్డాకే రావాలనీ చెప్పాడు. జ్వరం తగ్గి గోడకి ఆనుకుని కూర్చున్న ముసలావిడ తీరిగ్గా అడిగింది: "మగపెళ్లోరిని పొద్దున్నే లేపి ఈదిలోకి తగిలేస్తారేటి బాబూ? ఏ ఊరి మర్యాద?" అధ్యక్షుడు నా వైపు చూశాడు. నేను పైకప్పు వైపు చూశాను. ఆ నియమం మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

వానలు వెలిశాక పెయింటర్ని పిలిపించాను. నిచ్చెన ఎక్కి, "ఏటి సెరపమంటారు మేస్టారూ?" అన్నాడు. అంతా చెరిపెయ్యమన్నాను. నా జీవితంలో అత్యుత్తమ రచన తెల్ల రంగు కింద కలిసిపోతుంటే రోడ్డు మీద నిలబడి చూశాను. నిజం చెప్పొద్దూ, కళ్లు చెమర్చాయి. "ఇప్పుడేటి రాయమంటారు?"

"విడిది."

"అంతేనా?"

"అంతే."

"ఇది ముందే సెప్తే సగం రేకు మిగిలేది గదా బాబూ" అన్నాడు.

ఎండాకాలం మొదట్లో, సముద్రం మీద సర్కారు వేట ఆపించే రోజులు దగ్గర పడుతుండగా, ఓ మధ్యాహ్నం నేను వరండాలో వంటమనిషితో సాంబారు గురించి తగువులాడుతున్నాను. గేటు ముందు ఆటో ఆగింది. ఉప్పుగాలికి మాడిపోయిన కుర్రాడు భుజాన సంచీతో దిగి బోర్డు వైపు చూస్తూ నిలబడ్డాడు. గదిలోంచి ముసలావిడ ఎలా చూసిందో ఏమో, నాకంటే ముందే గుమ్మంలోకి వచ్చేసింది. కొడుకు మొహం రెండు చేతులతో పట్టుకుని, తిట్టడం మొదలుపెట్టింది. చిక్కిపోయావంది. ఫోన్ చెయ్యడానికి ఎవరి నంబరూ దొరకలేదా అంది. తిడుతూనే ఏడ్చింది. ఆవేళ ఆవిడ ఒక మాట కోసం వానలో కూర్చుంది, ఆ మాటే నిజమైంది. కొడుకున్నాడు.

ఇంకేం, కథ సుఖాంతం అనుకున్నాను. ఇలాంటి సందర్భానికి తగ్గ నాలుగు వాక్యాలు మనసులో కూర్చుకుంటున్నాను కూడా.

"ఇడిది అని రాసుందేటమ్మా? ఎవులి పెళ్లి?" అన్నాడు కుర్రాడు.

"నీదేరా, నీకు పిల్ల దొరికితే" అంది తల్లి.

అతను నవ్వాడు. తర్వాత సంచీ కింద పెట్టి, నా వైపు తిరిగి, ఎంతో మర్యాదగా అడిగాడు. "మేస్టారూ, మా అమ్మని సూసుకున్నారు. మీ మేలు మరిసిపోను. గానీ ఇడిది అంటే పెళ్లయ్యేదాకే గదండి. పెళ్లయ్యాక మగపెళ్లోరు ఆళ్లింటికి ఆళ్లు ఎల్లిపోవాల. మాకు ఇల్లు నేదు గదండి. ఎక్కడికెల్లాల?"

నా నాలుగు వాక్యాలూ గాలికి పోయాయి. నేను వెతికి వెతికి పట్టుకున్నాననుకున్న మాటకు అతను ఒక్క నిమిషంలో అర్థం చెప్పేశాడు. విడిది అంటే వెళ్లిపోయేవాళ్లు దిగే చోటు. వెళ్లడానికి ఇల్లున్నవాళ్లు దిగే చోటు. నాకు తెలిసిన తెలుగంతా తిరగేసినా ఆ ప్రశ్నకు జవాబు దొరకలేదు.

ముసలావిడ నన్ను చెయ్యి పెట్టి చూపించింది.

"ఆయన్నే అడగరా. ఆడపెళ్లోరు ఆయనే. అన్నీ ఆయనే సూసుకోవాల" అని కొడుక్కి చెప్పి, నాతో అంది: "ముందు కాఫీ తే బాబూ. నా కొడుకొచ్చాడు. సల్లారిపోకుండా తే."

తెచ్చాను. అతను తాగేదాకా గ్లాసు వైపే చూస్తూ గుమ్మంలో నిలబడ్డాను. మా మామగారు ఎలా నిలబడేవారో అలాగే.

అప్పటి నుంచి నా పొద్దుటి నడక నాగావళి గట్టు మీద కాదు, వాళ్లకు ఇంటి స్థలం కోసం ఆఫీసుల చుట్టూ. షుగరు మాత్రం అదుపులోకి వచ్చింది. ఒక ఆఫీసులో కూర్చునే గుమస్తా ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాడే. నాలుగోసారో ఐదోసారో వెళ్లినప్పుడు వాడికి జాలేసి కుర్చీ వేశాడు.

"ఎండలో ఇన్నిసార్లు తిరుగుతున్నారు మేస్టారూ, ఇంతకీ ఆవిడ మీకేటవుతారు?" అన్నాడు.

"వియ్యపురాలు" అన్నాను.

వాడు ఆశ్చర్యంగా చూశాడు. "మీకు ఆడపిల్లలు లేరు గదండి?"

"లేరురా" అన్నాను. "అయినా మగపెళ్లివారు వచ్చి కూర్చున్నారు. నువ్వు ముందు ఆ స్థలం సంగతి చూడు."